అద్దపు పలక నుంచి డిజిటల్ కెమెరా వరకు: ఒక అభిరుచి చరిత్ర, దాని ఖర్చు



ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక విషయం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మన పాలకుర్తి చరిత్ర అనగానే పాల్కురికి సోమనాథుడు, పక్కనే ఉన్న బమ్మెరలోని పోతన, నిన్నమొన్నటి చాకలి ఐలమ్మ గుర్తుకు వస్తారు. వారిని గురించి నాకంటే పెద్దలు చాలా వ్రాశారు. నేను ఒక చిన్న ప్రశ్న మాత్రం వేస్తాను. ఈ ముగ్గురిలో ఎవరి ముఖం మనకు నిజంగా తెలుసు?

సోమనాథుడు కాకతీయుల కాలం వాడు. పోతన 15వ శతాబ్దం వాడు. క్యాలెండర్ల మీద, పాఠ్యపుస్తకాలలో మనం చూసే వారి రూపాలు చిత్రకారుల ఊహలే. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలిచిన ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10న కన్నుమూసింది. ఆమె ముఖం మాత్రం మనకు తెలుసు, ఎందుకంటే ఫోటో ఉంది. ఎవరో ఒకరు కెమెరా పట్టుకొని ఆమె ముందు నిలబడబట్టి మన మనవలకు కూడా ఆ ముఖం తెలుస్తున్నది. ఊళ్ళో మిగతా వేలమంది రైతులు, కూలీలు, చేతిపనివారు అలా మిగలలేదు. వారి ముఖాలు వారితోనే పోయాయి.

కెమెరా విలాస వస్తువు అనే వారికి ఇదే నా సమాధానం. అయితే పెన్షన్ మీద బ్రతికేవారికి ధర కూడా ముఖ్యమే. అందుచేత ఆ యంత్రం ఎలా పుట్టింది, ఎలా చవకైంది, ఈనాడు మనవంటి వారు అభిరుచికి కొనాలంటే ఏది గిట్టుబాటు అనేవి మూడూ కలిపి మనవి చేస్తాను.

అద్దపు పలకల కాలం

ఫ్రాన్స్ దేశంలో డాగేర్ కనిపెట్టిన ఫోటో తీసే పద్ధతిని 1839 ఆగస్టు 19న లోకానికి వెల్లడించారు. అది రాగిపలక మీద వెండిపూత పూసి బొమ్మ దించే విధానం. ఒక బొమ్మకు ఒకటే ప్రతి. 1851లో ఆర్చర్ అనే ఆంగ్లేయుడు అద్దపు పలక మీద మందు పూసి నెగెటివ్ తీసే పద్ధతి తెచ్చాడు. ఒక నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా వేసుకోవచ్చు. చిక్కు ఏమంటే పలక తడి ఆరకముందే బొమ్మ తీయాలి, కడగాలి. మన ఎండలలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుందో వేరే చెప్పనక్కర లేదు. అందుకే ఆనాటి ఫోటోగ్రాఫరు వెంట పెట్టెడు అద్దాలు, మందుసీసాలు, చీకటి గుడారం, వాటిని మోయడానికి కూలీలు ఉండేవారు. 1871లో మాడక్స్ అనే వైద్యుడు పొడి పలక పద్ధతికి దారి చూపిన తరువాత ఈ బాధ తగ్గింది.

నిజాం రాజ్యంలో ఒక ప్రభుత్వోద్యోగి

మన సంఘం సభ్యులు తప్పక తెలుసుకోవలసిన వ్యక్తి లాలా దీన్‌దయాళ్. ఎందుకంటే ఆయన మొదట మనవంటి ప్రభుత్వోద్యోగి. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా, ఎస్టిమేటరుగా చేరాడు. పగలంతా ఎస్టిమేట్లు, ప్లాన్లు. ఫోటోగ్రఫీ ఆయనకు 1870ల మధ్యలో సరదాగా పట్టుకున్న అభిరుచి. పైఅధికారి సర్ హెన్రీ డాలీ ప్రోత్సాహం తోడైంది. అభిరుచి ముదిరి ఆయన 1880ల మధ్యలో ఉద్యోగం విడిచి పూర్తిగా కెమెరాకే అంకితమైనాడు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫరుగా నియమించాడు. సికింద్రాబాదులో స్టూడియో వెలిసింది. 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి దాని నిర్వహణ ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. 1894లో నిజాం ఆయనకు రాజా ముసవ్వర్ జంగ్ బహదూర్ అనే బిరుదు ఇచ్చాడు. ముసవ్వర్ అంటే చిత్రకారుడని అర్థం. హనుమకొండ వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట శిథిలాలు ఆనాడు ఎలా ఉండేవో ఆయన తీసిన బొమ్మల వల్ల ఈనాటికీ చూడవచ్చు. 1905లో ఆయన చనిపోయాడు. ఆయన అద్దపు నెగెటివ్‌లు 2,857 వరకు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో కొని భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

ఒక డ్రాఫ్ట్స్‌మన్ సరదా వల్ల ఒక రాజ్యం రూపురేఖలు మిగిలాయి. కాని ఆ కాలంలో ఆ సరదాకు రాజాదరణ ఉంటేనే పొయ్యిలో పిల్లి లేచేది. సామాన్యుడికి అందేది కాదు.

పెట్టె కెమెరా నుంచి రీలు కెమెరా దాకా

సామాన్యుడి దాకా కెమెరాను తెచ్చినవాడు అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్. బ్యాంకు గుమాస్తాగా పనిచేసిన ఈయన 1888లో కొడక్ అనే పెట్టె కెమెరా అమ్మకానికి పెట్టాడు. ధర 25 డాలర్లు. లోపల 100 బొమ్మలకు సరిపడే ఫిల్ము చుట్ట ఉండేది. అన్నీ తీసిన తరువాత కెమెరానే కంపెనీకి పంపితే వారు కడిగి, ప్రింట్లు వేసి, కొత్త ఫిల్ము ఎక్కించి తిరిగి పంపేవారు. 1900లో బ్రౌనీ అనే కెమెరాను ఒక్క డాలరుకే ఇచ్చారు. పన్నెండేళ్ళలో 25 డాలర్ల నుంచి ఒక డాలరుకు దిగిందన్న మాట. కెమెరా చరిత్ర అంతా ఇదే వరుస. మొదట రాజులకు, తరువాత ఆఫీసర్లకు, చివరకు గుమాస్తాలకు.

1925లో జర్మనీ లైకా కెమెరా సినిమా ఫిల్మును స్టిల్ ఫోటోలకు వాడి కెమెరాను కోటు జేబుకు సరిపడేలా చేసింది. 1936లో డ్రెస్డెన్ నగరం నుంచి కీన్ ఎగ్జాక్టా వచ్చింది. ఇది మన కథకు ముఖ్యం. దీనిలో లెన్సు వెనుక వాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్సు చూసే దృశ్యాన్నే ఆ అద్దం పైకి పంపి మన కంటికి చూపుతుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి వెలుతురు ఫిల్ము మీద పడుతుంది. కంటికి కనపడిందే బొమ్మగా పడుతుంది కాబట్టి తల తెగిపోవడం, పక్కవాడు తప్పిపోవడం వంటివి తగ్గాయి. దీనినే ఎస్ఎల్ఆర్ అంటారు. 1959లో జపాన్ వారి నికాన్ ఎఫ్ వచ్చిన తరువాత పత్రికల వారంతా ఈ రకానికే మారారు.

మన దేశంలో విదేశీ కెమెరాల దిగుమతి మీద ఆంక్షలు, భారీ సుంకాలు ఉండేవి. మధ్యతరగతి ఇళ్ళకు చేరినవి ఆగ్ఫా క్లిక్ 3 వంటి పెట్టె కెమెరాలు. రీలుకు పన్నెండు బొమ్మలు వచ్చేవి. ఉదకమండలంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఇందు పేరుతో నలుపు తెలుపు ఫిల్ము చేసేది. 1980లలో హాట్‌షాట్, తరువాత యాషికా, కొడక్ చిన్న కెమెరాలు పెళ్ళిళ్ళలో కనిపించాయి. ఎస్ఎల్ఆర్ మీద మనసున్నవారు రష్యా జెనిత్ కోసం, కాస్త స్థోమత ఉంటే పెంటాక్స్ కె1000 కోసం వెతికేవారు. 1976లో వచ్చిన ఆ కె1000 ఇరవై ఏళ్ళు మారకుండా అమ్ముడుపోయిందంటే గట్టి వస్తువుకు ఎప్పుడూ గిరాకీ ఉంటుందని గ్రహించాలి.

ఊళ్ళలో మాత్రం చాలామంది జీవితంలో కెమెరా ముందు నిలబడిన సందర్భాలు వ్రేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. పెళ్ళి ఒకటి. 1993లో ఎన్నికల సంఘం ఓటరు గుర్తింపు కార్డులు ప్రవేశపెట్టిన తరువాత అది ఒకటి. మన ఉద్యోగులకైతే ఇంకొకటి ఉంది. పెన్షన్ ప్రతిపాదనలతో జతచేసే భార్యాభర్తల జాయింట్ ఫోటో. ఎందరో దంపతులకు పెళ్ళి తరువాత పక్కపక్కన కూర్చొని తీయించుకున్న ఫోటో అదొక్కటే. భర్త పోయిన తరువాత ఫ్యామిలీ పెన్షన్ కోసం ట్రెజరీలో భార్యను గుర్తించడానికి పనికివచ్చింది కూడా ఆ ఫోటోయే.

రీలు ఖర్చు ఎంతో చెబుతాను. 1990ల చివర నా లెక్కల పుస్తకంలో 36 బొమ్మల కలర్ రీలు, కడిగింపు, ప్రింట్లు కలిపి సుమారు 250 రూపాయలు అని ఉన్నది. అంటే బొమ్మకు ఏడు రూపాయలు. కండ్లు మూసినవి, చెయ్యి కదిలినవి కూడా ఆ లెక్కలోనే. రీలు జనగామకో, వరంగల్‌కో పంపి తిరిగి వచ్చేదాకా ఏమి పడిందో తెలియదు. నెలకు ఒక రీలు అనుకున్నా ఏడాదికి మూడు వేలు. అప్పటి గుమాస్తా జీతంలో అది చిన్న మొత్తం కాదు.

రీలు పోయి చిప్పు వచ్చిన కథ

1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో బాయిల్, స్మిత్ అనే ఇద్దరు వెలుతురును విద్యుత్తుగా మార్చి దాచే సీసీడీ అనే చిప్పును రూపొందించారు. దానికి 2009లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. 1975లో కొడక్ కంపెనీ యువ ఇంజనీరు స్టీవెన్ శాసన్ ఆ జాతి చిప్పుతో మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. బరువు మూడున్నర కిలోలకు పైన. ఒక బొమ్మను క్యాసెట్ టేపు మీద ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. అందులో చుక్కలు పదివేలు మాత్రమే. అంటే మెగాపిక్సెల్‌లో నూరోవంతు.

1991లో కొడక్ వారే నికాన్ ఎఫ్3 శరీరానికి చిప్పు తగిలించి 1.3 మెగాపిక్సెళ్ళ డిజిటల్ ఎస్ఎల్ఆర్‌ను పత్రికల వారికి అమ్మారు. బొమ్మలు దాచే పెట్టెను భుజానికి తగిలించుకోవలసి వచ్చేది. 1999లో నికాన్ డి1 వచ్చింది. 2.7 మెగాపిక్సెళ్ళు, ధర సుమారు 5 వేల డాలర్లు. మన డబ్బులో రెండు లక్షల పైమాటే. 2003లో కానన్ ఈఓఎస్ 300డి వచ్చింది. 6.3 మెగాపిక్సెళ్ళు, లెన్సు లేకుండా 899 డాలర్లు. ఆనాటి మారకపు రేటున సుమారు 41 వేల రూపాయలు. వెయ్యి డాలర్ల గీత దాటి క్రిందికి దిగిన మొదటి డీఎస్ఎల్ఆర్ అదే. మరుసటి ఏడే నికాన్ డి70 పోటీకి వచ్చింది. నాలుగేళ్ళలో ధర అయిదోవంతుకు పడిపోగా బొమ్మ నాణ్యత రెట్టింపైంది. బ్రౌనీ కథే మళ్ళీ జరిగింది.

డిజిటల్ కెమెరాను మొదట చేసిన కొడక్ కంపెనీయే ఫిల్ము వ్యాపారం వదులుకోలేక వెనుకబడి 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. మన ఉదకమండలం ఫ్యాక్టరీ కూడా మూతపడింది. అక్కడి ఉద్యోగులూ మనవంటి వారే.

ఇటీవలి ముచ్చట ఒకటి. 2008లో అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు మొదలయ్యాయి. 2018 నుంచి నికాన్, కానన్ కూడా ఆ దారి గట్టిగా పట్టాయి. 2020 తరువాత ఆ రెండు కంపెనీలు కొత్త డీఎస్ఎల్ఆర్ నమూనాలు విడుదల చేయలేదు. కుర్రవాళ్ళు పాతవి అమ్మి కొత్తవి కొంటున్నారు. ఇదే మనకు అవకాశం. ఒకరు వదిలినంత మాత్రాన యంత్రం చెడిపోదు. నిన్నటిదాకా ఆఫీసరు వాడిన కుర్చీ గుమాస్తాకు పనికిరాకుండా పోతుందా?

కంపారిటివ్ స్టేట్‌మెంట్

ఆఫీసులో ఫర్నిచరు కొనాలంటే మూడు కొటేషన్లు తెప్పించి, కంపారిటివ్ స్టేట్‌మెంట్ వేసి, తక్కువ ధర వానికి ఆర్డరిచ్చే వాళ్ళం. తక్కువ ధర ఒక్కటే చూస్తే ఆరు నెలలలో కుర్చీ కాలు విరిగేదని కూడా మనకు తెలుసు. కెమెరాకూ ఇదే పద్ధతి పాటిద్దాం.

మొదటి కాలం, అవసరం. ఎండలో మనవల ఫోటో తీయడానికి చేతిలోని సెల్‌ఫోను చాలు. దానికి వేరే ఖర్చు వద్దు. చీకటి ఇల్లు, గుడి గర్భాలయం వెలుపలి మసక, దూరాన చెట్టు మీది పిట్ట, గోడకు పెట్టే పెద్ద ప్రింటు కావాలంటే మాత్రం తేడా తెలుస్తుంది. సాధారణ ఫోనులోని చిప్పు చిటికెన వ్రేలి గోరంత ఉంటే గొప్ప. మధ్యరకం డీఎస్ఎల్ఆర్ చిప్పు సుమారు 23 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. పెద్ద గిన్నెలో ఎక్కువ వాన నీరు పడినట్లే పెద్ద చిప్పు ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది.

రెండవ కాలం, మెగాపిక్సెళ్ళు. ఇది దుకాణదారు గట్టిగా చెప్పే సంఖ్య. ఆరు మెగాపిక్సెళ్ళ బొమ్మ 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు ప్రింటుకు నిక్షేపంగా సరిపోతుంది. పన్నెండు ఉంటే గోడ ఫ్రేముకు కూడా చాలు. ఇరవైనాలుగు ఉన్నది కదా అని ఎక్కువ పోయనక్కర లేదు.

మూడవ కాలం, లెన్సు. ఉన్న డబ్బంతా బాడీకి పెట్టి లెన్సుకు మిగల్చకపోవడం సరికాదు. బాడీ అయిదేళ్ళలో పాతబడుతుంది, మంచి లెన్సు ఇరవై ఏళ్ళు ఉంటుంది. కెమెరాతో వచ్చే 18-55 లెన్సు రోజువారీ పనికి చాలు. దానికి తోడు 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు ఒకటి కొనండి. కానన్, నికాన్ రెండింటిలోనూ చవకగా దొరికే మంచి లెన్సులలో ఇది ముందుంటుంది. చిన్న లెన్సును పూర్తిగా జూమ్ చేసినప్పటి ఎఫ్ 5.6తో పోలిస్తే ఇది సుమారు తొమ్మిది పది రెట్లు ఎక్కువ వెలుతురు లోనికి తీసుకుంటుంది. ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుగులోనే ముఖాలు అందంగా వస్తాయి. నికాన్ వారి డి3000, డి5000 వరుసల బాడీలలో ఫోకస్ మోటారు ఉండదు. వాటికి ఏఎఫ్-ఎస్ అని వ్రాసి ఉన్న లెన్సు కొనాలి. పాత లెన్సు చవకగా వచ్చిందని కొంటే ఫోకస్ చేత్తో త్రిప్పుకోవాలి.

నాలుగవ కాలం, మన శరీరం. పెద్ద ఫుల్‌ఫ్రేమ్ బాడీకి లెన్సు తోడైతే కిలోన్నర దాటుతుంది. మెడనొప్పి ఉన్నవారు దాని జోలికి పోవద్దు. చిన్న డీఎస్ఎల్ఆర్ బాడీలు అరకిలో అటూ ఇటూ ఉంటాయి. చూసే కిటికీ పక్కన డయాప్టర్ అనే చిన్న చక్రం లేదా మీట ఉంటుంది. దానిని మన కంటికి తగినట్లు సర్దుకుంటే చాలామందికి అద్దాలు తీసి కూడా స్పష్టంగా కనబడుతుంది. దుకాణంలోనే ఇది చూసుకోవాలి.

అయిదవ కాలం, పాత సరుకు తనిఖీ. ఆ కెమెరా ఇంతవరకు ఎన్ని బొమ్మలు తీసిందో షట్టర్ కౌంట్ చెబుతుంది. చిన్న డీఎస్ఎల్ఆర్‌ల షట్టరుకు లక్ష సార్ల దాకా ఆయుష్షు చెబుతారు. ఇరవై ముప్పై వేల లోపు తిరిగినది కొనవచ్చు. లెన్సును టార్చిలైటుకు అడ్డంగా పెట్టి లోపలికి చూడండి. సాలెగూడు వంటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. మన వానకాలపు చెమ్మకు పట్టే తెగులు. ఎంత చవకైనా వదిలిపెట్టండి. తెల్లకాగితాన్ని తీసి చూస్తే చిప్పు మీద మచ్చలుంటే తెలుస్తుంది. అసలు చార్జరు, బ్యాటరీ, బిల్లు అడిగి పుచ్చుకోవాలి. కొత్తది కొంటే భారతదేశపు వారంటీ కార్డు ఉన్నదో లేదో చూడాలి.

ఆరవ కాలం, తరువాతి ఖర్చు. మెమరీ కార్డులు రెండు, సంచి, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, బొమ్మలు దాచే హార్డ్‌డిస్క్. వీటిని ముందే లెక్కలో వేసుకోవాలి. అప్పు చేసి కొనవద్దు, వాయిదాల మీద అసలే వద్దు. వైద్యానికి పక్కన పెట్టిన డబ్బు ముట్టుకోవద్దు. అభిరుచి పెన్షన్‌లో మిగిలిన దానితో సాగితేనే అభిరుచి, లేకుంటే అది గుదిబండ.

కొన్న తరువాత ఏమి తీయాలి

వరంగల్‌లో పుట్టిన గుడిమల్ల భరత్ భూషణ్ గారు 2022లో మరణించారు. తెలంగాణ పల్లెల గోడలు, తలుపులు, బతుకమ్మలు, శ్రామిక స్త్రీల ముఖాలు ఏళ్ళ తరబడి ఫోటోలు తీశారు. ఆయన తీసిన ఇళ్ళు చాలా ఊళ్ళలో ఇప్పుడు స్లాబులైనాయి. బొమ్మలు మాత్రం ఉన్నాయి.

మనం అంత చేయలేకపోవచ్చు. మన వాడ వరకు చేయవచ్చు. శివరాత్రికి సోమేశ్వరస్వామి గుట్ట చుట్టూ తిరిగే జనం, వల్మిడి గుట్ట, బమ్మెర పొలాలు ఉన్నాయి. వాటికంటే ముందు ఇంటి ముందర అరుగు మీద కూర్చున్న పెద్దల ముఖాలు తీయండి.

మా వాడలో తొంభై దాటిన ఒక అవ్వ నా చేతిలో కెమెరా చూసి పిలిచింది. "కొడుకా, నేను పోయినంక గోడకు పెట్టుకునే ఫోటో ఒకటి మంచిగ తియ్యి. కార్డు మీద ఉన్నది నా మొఖం లెక్క లేదు" అన్నది. నవ్వుతూనే అన్నది గాని ఆ మాటలో అబద్ధం లేదు. మన ఊళ్ళలో మనిషి పోయిన నాడు ఇంటివారు బీరువాలు వెతికి, రేషన్ కార్డు మీదిదో, పెళ్ళి గుంపు ఫోటోలో మూలన ఉన్నదో తెచ్చి స్టూడియోలో ఇస్తారు. అగ్గిపెట్టెంత ముఖాన్ని గోడకు తగ్గట్టు పెద్దది చేస్తే మసక మసకగా వస్తుంది. పెద్దకర్మ నాడు దండ వేసేది ఆ మసక ముఖానికే. పిల్లల పిల్లలకు మిగిలేది కూడా అదే. అవ్వను కిటికీ పక్కన కూర్చోబెట్టి 50 లెన్సుతో తీసి, ప్రింటు వేయించి ఇచ్చాను. ఫ్లాష్ అక్కర లేకపోయింది. ఆమె ఆ ఫోటోను ఇంకా బతికుండగానే గోడకు పెట్టించుకొని వచ్చినవారికి చూపుతున్నది.

మరొక్క మాట. డిజిటల్ బొమ్మకు బొమ్మ ఖర్చు లేదు కాబట్టి వేలకొద్దీ తీస్తాము, ఒక్కటీ ప్రింటు వేయము. దీన్‌దయాళ్ అద్దపు పలకలు నూరేళ్ళు దాటి నిలిచాయి. ఫోను పోతే, డిస్కు చెడితే మన బొమ్మలు ఒక్క రోజులో పోతాయి. ఏడాదికి ఇరవై మంచి బొమ్మలు ఏరి ప్రింటు వేయించి, వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, తేదీ వ్రాసిపెట్టండి. పేరు వ్రాయని ఫోటో నంబరు లేని ఫైలు వంటిది. ముప్పై ఏళ్ళ తరువాత ఎవరూ దానిని గుర్తుపట్టలేరు. మిగతావి రెండు చోట్ల దాచండి, ఒకటి ఇంట్లో, ఒకటి కొడుకు దగ్గరో కూతురు దగ్గరో.

ఈనాడు ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రానికి కూడా ఫోను ముందు ముఖం చూపితే చాలుననే రోజులు వచ్చాయి. మనం బ్రతికి ఉన్నామని ప్రభుత్వానికి ఆ ముఖం చెబుతుంది. మనం ఎలా బ్రతికామో మన మనవలకు చెప్పే ముఖం ఒకటి వేరే కావాలి. దానికి పెద్ద ధర అక్కర లేదు. ఒక పాత డీఎస్ఎల్ఆర్, ఒక చిన్న లెన్సు, కిటికీ వెలుగు, పక్కన మీ సహధర్మచారిణి ఉంటే చాలు. జాయింట్ ఫోటో ఇంకొకటి తీయించుకోండి. ఈసారి పెన్షన్ కాగితాల కోసం కాదు.